ఎగరగలదా, చూడగలదా: మానవరహిత విమానాల వాతావరణ సూచన చరిత్ర

మానవరహిత విమానాన్ని గాలిలోకి పంపే ముందు నేలమీద ఉన్నవాళ్లు రెండు ప్రశ్నలకు జవాబు తేల్చుకోవాలి. ఈ వాతావరణంలో అది ఎగరగలదా? ఎగిరినా, దాని కెమెరా చూడవలసినదాన్ని చూడగలదా? పైలట్ ఉన్న విమానంలో ఈ రెండింటికీ చాలావరకు కాక్‌పిట్‌లోనే జవాబు దొరుకుతుంది. ఎదురుగా ఉరుముల మేఘం కనబడితే పైలట్ పక్కకు తిప్పుతాడు. రెక్క అంచున మంచు పట్టడం చూసి కిందికి దిగుతాడు. మబ్బు అడ్డమొస్తే సందు వెతుకుతాడు. ఆ మనిషిని విమానంలోంచి దించేశాక ఈ తీర్పులన్నీ ముందుగానే, నేలమీదే, అంకెల్లోనూ నియమాల్లోనూ రాసి పెట్టుకోవలసి వచ్చింది. మానవరహిత విమానాల చరిత్రను ఇంజన్లతో, రేడియోలతో చెప్పడం అలవాటు. ఆ కథలో వాతావరణ సూచనకు దక్కవలసిన చోటు ఇప్పటికీ దక్కలేదు.

మొదటి ప్రయత్నంలోనే గాలి తన మాట నెగ్గించుకుంది. 1849లో వెనిస్ నగరాన్ని ముట్టడించిన ఆస్ట్రియా సైన్యం, ఫ్రాంజ్ ఫాన్ ఉఖాటియుస్ అనే ఫిరంగిదళ అధికారి ఆలోచన మేరకు, కాగితపు వేడిగాలి బెలూన్లకు బాంబులు కట్టి నగరం మీదికి వదిలింది. సుమారు 200 బెలూన్లు వదిలారని చెబుతారు. వత్తి కాలడం పూర్తయ్యేసరికి బెలూన్ నగరం మీద ఉండాలి. అంటే వత్తి ఎంతసేపు కాలాలో నిర్ణయించడమంటే గాలి దిశనూ వేగాన్నీ ముందే చెప్పడమే. గాలి తిరగడంతో కొన్ని బెలూన్లు ఆస్ట్రియా శిబిరాల మీదికే వచ్చాయి. వెనిస్‌కు పెద్ద నష్టమేమీ జరగలేదు.

ఆ తర్వాత తొంభై అయిదేళ్లకు జపాన్ ఇదే పనిని మహాసముద్రం అంత విస్తారంలో చేసింది. దాని వెనక నిజమైన వాతావరణ శాస్త్రం ఉంది. టోక్యోకు ఈశాన్యాన ఉన్న టతెనో పరిశోధనాలయంలో వసబురో ఓయిషి 1920ల్లో చిన్న బెలూన్లను వదిలి, కోణాలు కొలిచే థియోడలైట్‌తో వాటి దారిని పట్టి, పైగాలుల వేగం కొలిచేవారు. శీతకాలంలో తొమ్మిది కిలోమీటర్ల ఎత్తున పడమటి గాలి తుపాను గాలులను మించిన వేగంతో వీస్తోందని ఆయన గమనించారు. ఈనాడు జెట్ స్ట్రీమ్ అంటున్నది అదే. ప్రపంచమంతా చదవాలన్న కోరికతో ఆయన 1926లో తన ఫలితాలను ఎస్పరాంటో భాషలో ప్రచురించారు. ఆ కోరిక నెరవేరలేదు, జపాన్ బయట దాన్ని పట్టించుకున్నవారు దాదాపు లేరు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా బాంబర్ పైలట్లు జపాన్ మీద అదే గాలిని ఎదుర్కొని విస్తుపోయారు.

జపాన్ సైన్యం మాత్రం ఆ గాలిని వాహనంగా ఎంచుకుంది. ‘ఫు-గో’ పేరుతో తయారైన బెలూన్లు పది మీటర్ల వ్యాసం గలవి. చేతి కాగితాన్ని కొంజాకు దుంప జిగురుతో పొరలు పొరలుగా అతికించి, హైడ్రోజన్ నింపేవారు. పసిఫిక్ మీద పైగాలుల కొలతలు లేనేలేవు. తీర ప్రాంత కేంద్రాల్లో దొరికిన కొద్దిపాటి సమాచారంతో హిదెతొషి అరకావా అనే వాతావరణ శాస్త్రవేత్త సముద్రం మీది గాలిని అంచనా కట్టి, బెలూన్ ఎన్ని రోజుల్లో అవతలి ఒడ్డు చేరుతుందో లెక్కగట్టారు. రాత్రి చలికి హైడ్రోజన్ కుంచించుకుపోయి బెలూన్ కిందికి జారుతుంది, పగటి ఎండకు వ్యాకోచించి పైకి పోతుంది. జెట్ స్ట్రీమ్ ఉన్న ఎత్తును విడవకుండా ఉండాలంటే దీనికి విరుగుడు కావాలి. పీడనాన్ని కొలిచే బారోమీటర్ ఒక హద్దు దాటగానే ఇసుక సంచిని జారవిడిచేది, మరీ పైకి పోతే ఒక కవాటం వాయువును వదిలేది. వాతావరణ సెన్సరే వాహనాన్ని నడిపిన తొలి ఉదాహరణల్లో ఇదొకటి.

1944 నవంబరు నుంచి 1945 ఏప్రిల్ దాకా సుమారు 9,300 బెలూన్లు వదిలారు. ఉత్తర అమెరికాలో దొరికినవి, కనబడినవి కలిపి మూడు వందల దాకా ఉంటాయి. 1945 మే 5న ఆరెగాన్ రాష్ట్రంలోని బ్లై దగ్గర అడవిలో పడి ఉన్న బాంబు పేలి ఒక గర్భిణి, అయిదుగురు పిల్లలు చనిపోయారు. చంపడం కోసమే చేసిన ఆయుధం అది. ఆ మరణాలను శాస్త్ర విజయపు లెక్కలో వేయడానికి లేదు. సూచన విషయానికొస్తే, ‘చేరగలదా’ అన్న ప్రశ్నకు జపాన్ శాస్త్రవేత్తలు సరిగానే జవాబు చెప్పారు. అడవులను తగలబెట్టాలన్న లక్ష్యం మాత్రం వాతావరణం వల్లే దెబ్బతింది. బెలూన్లను మోసుకుపోయేంత బలమైన గాలి శీతకాలంలోనే ఉంటుంది, ఆ నెలల్లో అమెరికా వాయవ్య ప్రాంతపు అడవులు వానకు, మంచుకు తడిసి ఉంటాయి. దారిలోని వాతావరణాన్ని లెక్కగట్టినంత శ్రద్ధగా గమ్యంలోని వాతావరణాన్ని లెక్కగట్టకపోతే ఏమవుతుందో ఇక్కడే తెలిసింది.

యుద్ధం తర్వాత రేడియోసాండ్లను, అంటే పైగాలిని కొలిచి రేడియోలో కబురు పంపే బెలూన్ పరికరాలను, వదిలే కేంద్రాలు పెరిగాయి, కంప్యూటర్ లెక్కలు మొదలయ్యాయి. గాలి సంగతి కొంత చేతికి వచ్చింది. అప్పుడు మబ్బు సమస్య ముందుకొచ్చింది.

1960 ఆగస్టులో అమెరికా ‘కొరోనా’ గూఢచారి ఉపగ్రహం తొలిసారి ఫిల్మును భూమికి పంపింది. ఉపగ్రహంలో ఫిల్ము పరిమితం, అది మబ్బులను ఫోటో తీసి అయిపోతే అంత ఖర్చూ వృథా. ఫిల్ములో చాలా భాగం అలాగే వృథా అయింది కూడా. అందుకని మబ్బులు ఎక్కడున్నాయో ముందే చూసి చెప్పడానికి ప్రత్యేకంగా మరో ఉపగ్రహ శ్రేణిని రహస్యంగా తయారు చేశారు. 1962 ఆగస్టులో ఆ శ్రేణిలో మొదటి విజయం దక్కింది. తర్వాతి కాలంలో డీఎంఎస్‌పీ అని పేరుపడ్డ సైనిక వాతావరణ ఉపగ్రహాలు ఇవే. ఒక కెమెరాకు దారి చూపడం కోసం ఒక వాతావరణ వ్యవస్థ పుట్టడం అంతకుముందు లేదు. ‘చూడగలదా’ అన్న ప్రశ్న ‘ఎగరగలదా’ నుంచి విడిపోయి సొంత కాళ్లమీద నిలబడింది అప్పుడే.

మబ్బుకూ కెమెరాకూ మధ్య జరిగిన అసలైన పోరు వియత్నాంలో కనిపిస్తుంది. కాలిఫోర్నియాలోని రయన్ సంస్థ గురి అభ్యాసానికి వాడే తన ‘ఫైర్‌బీ’ లక్ష్య విమానాన్ని నిఘా డ్రోన్‌గా మార్చింది. 1960లో యూ-2 విమానం సోవియట్ గడ్డమీద కూలి పైలట్ పట్టుబడిన తర్వాత ఈ ఆలోచనకు బలం వచ్చింది. 1964 ఆగస్టు నుంచి ఈ ‘లైట్నింగ్ బగ్’ డ్రోన్లు ముందు చైనా దక్షిణ ప్రాంతం మీదా, తర్వాత ఉత్తర వియత్నాం మీదా తిరిగాయి. డీసీ-130 విమానం రెక్క కింద మోసుకెళ్లి వీటిని వదిలేది. పని ముగిశాక పారాచూట్‌తో దిగుతుంటే హెలికాప్టర్ గాలిలోనే కొక్కెంతో పట్టుకునేది. 1975 దాకా ఇలాంటి ప్రయాణాలు 3,435 జరిగాయి.

మొదటి రకాలు చాలా ఎత్తున ఎగిరి ఫోటోలు తీసేవి. ఉత్తర వియత్నాంలో ఈశాన్య రుతుపవన కాలం వచ్చిందంటే నెలల తరబడి మబ్బు కమ్ముకుంటుంది. చలికాలం రెండో సగంలో సన్నటి ముసురు రోజుల తరబడి విడవదు. ఆ కాలంలో ఎత్తు నుంచి తీసిన ఫోటోలు చాలావాటిలో తెల్లటి మబ్బు తప్ప మరేమీ రాలేదు. దానికి జవాబుగా 1966లో మబ్బు కిందుగా, నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులోనే దూసుకుపోయే రకం తయారైంది. విమానం ఆకారం మారడానికి వాతావరణ గణాంకాలే కారణమైన సందర్భమిది.

కిందికి దిగడంతో కొత్త చిక్కు వచ్చింది. ఆ డ్రోన్ తన ఎత్తును గాలి పీడనం బట్టి నిలుపుకునేది. సముద్రమట్టానికి దగ్గర్లో పీడనం అంచనా ఒక్క మిల్లీబార్ తప్పితే ఎత్తులో దాదాపు 27 అడుగులు తేడా వస్తుంది. పది మిల్లీబార్లు తప్పితే కొండకు తగిలే ప్రమాదం, లేదా మబ్బులోకి దూరే ప్రమాదం. శత్రుదేశంలో పీడనం కొలిచి చెప్పేవారు ఉండరు, సూచన మీదే ఆధారపడాలి. 1965 నుంచి సైగాన్‌లో నేరుగా అందిన సైనిక వాతావరణ ఉపగ్రహ చిత్రాల వల్ల మబ్బు విడిపోయే గంటలను పసిగట్టడం మాత్రం మునుపటికన్నా సులువైంది.

ఇదే కాలంలో సెన్సర్ చూపును లెక్కగట్టే శాస్త్రం వేరే దారిలో పెరిగింది. 1958లో అమెరికా సైన్యపు ఇంజనీర్ల ప్రయోగశాలలో జాన్ జాన్సన్ అనే శాస్త్రవేత్త ఒక సూటి ప్రశ్న వేశాడు: రాత్రిచూపు పరికరంలోంచి చూసే మనిషికి ఒక వస్తువు ఉందని తెలియడానికి, అదేమిటో గుర్తుపట్టడానికి బొమ్మ ఎంత స్పష్టంగా ఉండాలి? వాహనాల నమూనాలను, నిలబడ్డ మనిషి నమూనాను పరిశీలకులకు చూపించి, వస్తువు చిన్న వైపు కొలత మీద ఎన్ని నలుపు తెలుపు గీతల జతలు విడివిడిగా కనబడాలో తేల్చాడు. ఏదో ఉందని తెలియడానికి ఒక జత చాలు, ఎటు తిరిగి ఉందో తెలియడానికి 1.4, ట్యాంకో లారీయో చెప్పడానికి 4, ఏ రకం ట్యాంకో చెప్పడానికి 6.4 జతలు కావాలి. ఇవి సగం సందర్భాల్లో సరైన జవాబు రావడానికి సరిపడే కొలతలు. తర్వాత వీటిని ఎన్నోసార్లు సవరించారు. అయినా మానవరహిత విమానపు కెమెరా ఎంత ఎత్తు నుంచి ఏం చూడగలదో చెప్పే లెక్కలకు జాన్సన్ అంకెలే చాలాకాలం పునాదిగా ఉన్నాయి.

అవి పరికరానికీ కంటికీ సంబంధించినవి. మధ్యనున్న గాలి సంగతి ఇంకా తేలాలి. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, ధూళి, పొగమంచు ఒక్కొక్క కాంతి తరంగాన్ని ఒక్కో విధంగా మింగేస్తాయి. మసాచుసెట్స్‌లోని అమెరికా వైమానిక దళ పరిశోధనాలయం 1970ల తొలి ఏళ్లలో ‘లోట్రాన్’ అనే కంప్యూటర్ ప్రోగ్రామును విడుదల చేసింది. ఉష్ణోగ్రత, తేమ, పీడనం, దుమ్ము ఇస్తే, ఏ తరంగం ఎంత దూరం ఎంత మిగిలి చేరుతుందో అది చెప్పేది. దాని తర్వాతి తరం ‘మోడ్‌ట్రాన్’ ఇప్పటికీ వాడుకలో ఉంది. థర్మల్ కెమెరాలు వాడుకునే పరారుణ కిటికీలు రెండు: 3 నుంచి 5 మైక్రాన్లు, 8 నుంచి 12 మైక్రాన్లు. పొగ, సన్నటి మంచు ఉన్నప్పుడు రెండోది మెరుగు. సముద్రతీరపు ఉక్కపోతలో నీటి ఆవిరి ఆ రెండో కిటికీకే ఎక్కువ అడ్డం పడుతుంది. ఎడారిలో పరీక్షించి మెచ్చుకున్న కెమెరా తీరప్రాంతంలో మందగించడానికి ఇదొక కారణం.

థర్మల్ కెమెరాకు మరో గండం ఉంది. అది వెలుతురును కాక వేడిలోని తేడాను చూస్తుంది. ఎండలో ట్యాంకు లోహం చుట్టూ ఉన్న నేలకన్నా వేడెక్కుతుంది, రాత్రి నేలకన్నా త్వరగా చల్లారుతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి రెండింటి వేడీ సమానమయ్యే ఘడియ వస్తుంది. ఆ కాసేపు కెమెరాలో ఏ లోపమూ లేకపోయినా ట్యాంకు కనబడదు. వాన కురిస్తే తేడా మొత్తం కడిగేసినట్టు పోతుంది. ఆ ఘడియ ఎప్పుడొస్తుందో ముందే చెప్పాలంటే ఎండ, గాలి, నేల తడి, గడ్డి, వాహనం ఇంజన్ నడుస్తోందా లేదా అన్నవన్నీ తెలియాలి. 1980ల్లో వచ్చిన ‘ఎలక్ట్రో-ఆప్టికల్ టాక్టికల్ డెసిషన్ ఎయిడ్’ అనే సాధనం ఈ పనికోసమే. 1991 గల్ఫ్ యుద్ధంలో సూచనకారులు దీన్ని వాడారు. ఆ శీతకాలం ఇరాక్ మీద మబ్బులు అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ పట్టి, లేజర్ గురి చూసే దాడులెన్నో రద్దయ్యాయి. మబ్బు అడ్డమొచ్చినప్పుడు ఈ లెక్కలు అక్కరకు రాలేదు. ఆ సాధనానికి వారసుడైన ‘టాస్’ అనే సాఫ్ట్‌వేర్‌ను తర్వాత మూడు దళాల పరిశోధనాలయాలు కలిసి తీర్చిదిద్దాయి. పరారుణ, దృశ్య, లేజర్ సెన్సర్లు మూడింటికీ ఏ గంటలో ఎంత దూరం నుంచి వస్తువు కనబడుతుందో అది చెబుతుంది.

‘ఎగరగలదా’ అన్న ప్రశ్నకు అమెరికా సైన్యం వేరే పద్ధతి ఎంచుకుంది. న్యూ మెక్సికోలోని వైట్ సాండ్స్ పరిశోధకులు ‘ఐవీడా’ అనే వ్యవస్థను 1990ల్లో రూపొందించారు. ఒక్కొక్క యంత్రానికి గాలి ఎంత దాటితే ప్రమాదం, మంచు ఏ మేరకు తట్టుకుంటుంది, మబ్బు ఎంత ఎత్తులో ఉండాలి అన్న హద్దులను నిపుణుల దగ్గర, యంత్రాల పుస్తకాల్లోంచి సేకరించి నియమాలుగా రాశారు. సూచనను ఆ నియమాలతో పోల్చి ఎరుపు, పసుపు, పచ్చ రంగుల్లో చూపించేవారు. సైనికాధికారికి వాతావరణ శాస్త్రం తెలియనక్కర్లేదు, తన డ్రోన్ ఈ రాత్రి లేవచ్చో లేదో తెలిస్తే చాలు. దీని గొప్పతనం రంగుల్లో లేదు. రంగు మీద నొక్కితే ఏ నియమం వల్ల ఎరుపు వచ్చిందో కూడా చెప్పేది. కారణం చెప్పగల సూచనను మాత్రమే మనిషి నమ్మి వాడుతాడు. ఇప్పటి సాధనాల్లో చాలావాటికి ఈ గుణం లేకపోవడం వెనకడుగే.

ఆ నియమాలు ఎందుకు అవసరమో ‘ప్రిడేటర్’ డ్రోన్ చూపించింది. 1994లో తొలిసారి ఎగిరి, మరుసటి ఏడాదే బోస్నియా నిఘా కోసం అల్బేనియా చేరిన ఈ విమానానికి రెక్కలు సన్నగా, పొడవుగా ఉంటాయి. ఇంజను చిన్నది. 1996లో స్థావరం హంగరీకి మారాక బాల్కన్ శీతకాలపు మబ్బుల్లో రెక్కల మీద మంచు పేరుకోవడం పెద్ద ఆటంకమైంది. ముక్కులోని కెమెరా ముందుకే చూస్తుంది. నేలమీద కూర్చున్న పైలట్‌కు రెక్క కనబడదు, విమానం బరువెక్కుతున్న సంగతి చేతికీ తగలదు. తర్వాతి రోజుల్లో రెక్క అంచు నుంచి గ్లైకాల్ ద్రవం ఊరేలా చేసి మంచును కరిగించే ఏర్పాటు పెట్టారు. అప్పటిదాకా ఉన్న కవచం మంచు ఏ ఎత్తున పడుతుందో చెప్పే సూచన ఒక్కటే.

పరీక్షా విమానాల్లో అన్నిటికన్నా ఖరీదైన పాఠం ‘హీలియోస్’ది. నాసా కోసం ఏరోవైరాన్‌మెంట్ సంస్థ చేసిన ఈ సౌరశక్తి విమానం రెక్క పొడవు 75 మీటర్లు. 2001 ఆగస్టు 13న ఇది 96,863 అడుగుల ఎత్తుకు చేరింది. 2003 జూన్ 26న హవాయి దీవుల్లోని కవాయి నుంచి లేచిన దాని మరో రూపం, అరగంట గడిచాక మూడు వేల అడుగుల దరిదాపుల్లోనే గాలి కుదుపుల్లో చిక్కుకుంది. రెక్కలు కొనల దగ్గర పైకి వంగిపోయి, విమానం ముందుకూ వెనక్కూ ఊగి, వేగం హద్దు దాటి, పైతొడుగు చీలి సముద్రంలో కూలింది. కవాయి కొండల వెనక గాలి నీడ ఏర్పడుతుంది, నీడకూ బయటి వీచే గాలికీ మధ్య కుదుపుల గీత ఉంటుంది. దాదాపు లక్ష అడుగుల ఎత్తుకు తూగిన విమానం నేలకు దగ్గర్లోని ఆ గీతను తట్టుకోలేకపోయింది. గూగుల్ సంస్థ సొలారా 50 విమానం 2015లో న్యూ మెక్సికోలో నేల నుంచి లేచే వేడిగాలికీ, ఫేస్‌బుక్ సంస్థ అక్విలా 2016లో ఆరిజోనాలో దిగబోయే ముందు వీచిన గాలిపెట్టుకూ దెబ్బతిన్నాయి. మూడూ తేలికైన పొడవు రెక్కల విమానాలే, మూడింటికీ నేలకు దగ్గరి గాలే శత్రువైంది. ఆ పొరలో గాలిని చిన్న చిన్న దూరాల్లో కొలిచే వ్యవస్థ అప్పుడూ చాలలేదు, ఇప్పుడూ చాలదు.

ఈలోగా డ్రోన్లే వాతావరణ పరికరాలుగా మారాయి. వాతావరణ కొలతల కోసం తయారైన ఏరోసాండ్ అనే చిన్న విమానం 1998 ఆగస్టులో కెనడా న్యూఫౌండ్‌లాండ్ నుంచి బయల్దేరి దాదాపు 27 గంటల్లో అట్లాంటిక్ దాటి స్కాట్లండ్ దీవిలో దిగింది. మనిషి లేని విమానం అట్లాంటిక్ దాటడం అదే మొదలు. 2005లో ఇదే రకం ఒఫీలియా తుపానులోకి వెళ్లింది. గూగుల్ సోదర సంస్థ ‘లూన్’ బెలూన్లు 2013 నుంచి స్ట్రాటోస్ఫియర్‌లో ఎత్తు మార్చుకుంటూ, అనుకూలమైన గాలి ఉన్న పొరను ఎంచుకుని తిరిగాయి. సూచన తప్పినచోట యంత్రం తానే నేర్చుకునే పద్ధతిని చివరి రోజుల్లో వాడారు. ఖర్చు గిట్టుబాటు కాక 2021లో ఆ ప్రాజెక్టు మూతపడింది.

ఈ చరిత్రలో హైదరాబాదుకూ భాగముంది. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం 1960ల చివరి నుంచి ఇక్కడ నడుస్తోంది. పరికరాలు మోసే పెద్ద పాలిథిన్ బెలూన్లను పైగాలులు అనుకూలించే నెలల్లోనే వదులుతారు. ముందు గాలి కొలిచి, పరికరాలు ఎటు దిగుతాయో లెక్కగట్టి, తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక జిల్లాల అధికారులకు ముందస్తుగా కబురు పంపుతారు. దిగినవాటిని విప్పవద్దని గ్రామస్థులకు పత్రికల్లో చెప్పే ప్రకటనలు తెలంగాణ పాఠకులకు కొత్త కావు.

ఇక డ్రోన్ల విషయానికొస్తే, 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చింది. సెప్టెంబరు 11న వికారాబాద్‌లో మందులను డ్రోన్లతో చేరవేసే ప్రయోగం మొదలైంది. అదే ఏడాది డిసెంబరులో పురుగుమందులు చల్లే డ్రోన్లకు వ్యవసాయ శాఖ ప్రామాణిక విధానాలు ప్రకటించింది. అనుమతుల పటంలో పచ్చ, పసుపు, ఎరుపు మండలాలున్నాయి. ఆ రంగులు చెప్పేది గగనతలంలో ఎవరికి ఎక్కడ వీలుందో, అక్కడ గాలి ఎలా ఉందో కాదు. పచ్చ మండలంలో 120 మీటర్ల ఎత్తు దాకా ఎగరవచ్చు. వాతావరణ కేంద్రాలు గాలిని సాధారణంగా కొలిచేది పది మీటర్ల ఎత్తున. హైదరాబాదు, విశాఖపట్నం, మచిలీపట్నం నుంచి ఎగిరే రేడియోసాండ్లు ఉదయం, సాయంత్రం అయిదున్నర కొలతలకే పరిమితం. పురుగుమందు చల్లే డ్రోన్ నేలకు కొద్ది మీటర్ల ఎత్తున పంట మీద తిరుగుతుంది. గాలి కాస్త పెరిగినా మందు పక్క చేలోకి, పక్క చెరువులోకి పోతుంది. డ్రోన్లు కొనడానికి ఇచ్చే రాయితీలో చేతిలో పట్టుకునే చిన్న గాలివేగ మాపకాన్ని, దాన్ని చదివి ‘ఇవాళ వద్దు’ అని చెప్పగలిగే శిక్షణను కూడా రెండు తెలుగు రాష్ట్రాలూ చేర్చాలి.